కంపెనీ వెనక్కి పిలిచిన బండి

మహారాష్ట్రలోని భివండి పట్టణంలో కామత్‌ఘర్ అనే పేట నుంచి మీతో మాట్లాడుతున్నాను. వర్హాలదేవి చెరువు ఉన్న పేట ఇది. నిజామాబాద్, కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి సాంచాల పనికి వచ్చి ఇక్కడే ఇళ్లు కట్టుకుని, పిల్లల పెళ్లిళ్లు చేసి, మనుమలను ఎత్తుకున్న తెలుగు కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. ఆ కుటుంబాల పిల్లలకు తెలుగులోనూ, మరాఠీలోనూ పాఠాలు చెప్పే ఉపాధ్యాయ వృత్తి నాది. సరిహద్దుకు అటు ఉన్న మీకూ, ఇటు ఉన్న మాకూ ఒకేలా పనికొచ్చే విషయం ఒకటి ఈ రోజు మనవి చేయాలనుకుంటున్నాను.

అమ్మేసిన వస్తువును తయారుచేసిన కంపెనీయే వెనక్కి పిలవడం గురించి ఈ ప్రసంగం. పత్రికలవాళ్లు దీన్ని 'రీకాల్' అని రాస్తారు. మరాఠీలో 'పరత్ మాగవణే' అంటారు. తెలుగులో వెనక్కి పిలవడం అనుకుందాం.

మా భివండిలో 'మాల్ వాపస్' అన్న మాట తెలియని మనిషి లేడు. తానులో, అంటే ఇక్కడివాళ్లు టాకా అనే దానిలో, పోగులు తప్పినా, నూనె మరక పడినా వ్యాపారి ఆ మాల్‌ను కార్ఖానాకు తిప్పి పంపుతాడు. తాను మీద రాసిన గుర్తును బట్టి అది ఏ సాంచ మీద నేసిందో, ఎవరు నేసిందో తెలిసిపోతుంది. కొన్నవాడు తప్పు పట్టుకుంటే, చేసినవాడు సరిదిద్దాలి. ఇది మాల్ వాపస్.

రీకాల్ దీనికి తిరగబడ్డ పద్ధతి. ఇక్కడ తప్పు మొదట చేసినవాడి కంటపడుతుంది. 'ఫలానా నెలలో, ఫలానా నంబర్ల మధ్య మేము తయారుచేసిన సరుకులో దోషం ఉండవచ్చు. అది మీ ఇంట్లో ఉంటే వాడకండి. తెచ్చి ఇవ్వండి. ఉచితంగా బాగుచేస్తాం, లేదా మార్చి ఇస్తాం' అని కంపెనీ ప్రకటిస్తుంది. కొన్నవారికి అప్పటికి ఏ ఇబ్బందీ కనపడి ఉండకపోవచ్చు. వస్తువు చక్కగానే పనిచేస్తూ ఉండవచ్చు. అందుకే చాలామంది 'బాగానే ఉంది కదా, ఎందుకు తిప్పి ఇవ్వాలి' అని ఊరుకుంటారు. ఈ ఊరుకోవడంలోనే ప్రమాదం ఉంది.

అమెరికాలో, ఐరోపాలో ఇళ్ల ముందు పచ్చగడ్డి పెంచుతారు. దాన్ని వారం వారం కత్తిరించడానికి ఒక యంత్రం ఉంటుంది. పూర్వం అది పెట్రోలుతో నడిచేది. ఇప్పుడు వైరు లేకుండా బ్యాటరీతో నడిచేవి వచ్చాయి. వాటిలో కొన్ని రకాలు వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉందని తెలిసి కంపెనీలు వెనక్కి పిలిచిన సందర్భాలు ఉన్నాయి. ఆ దేశంలో 1972లో చేసిన చట్టం కింద వినియోగ వస్తువుల భద్రతకు ఒక సంఘం ఏర్పడింది. ఏ వస్తువును, ఏ కారణం చేత, ఏ నంబరు నుంచి ఏ నంబరు వరకు వెనక్కి పిలుస్తున్నారో ఆ సంఘం బహిరంగంగా ప్రకటిస్తూ ఉంటుంది. అక్కడ స్థిరపడిన మన తెలుగు పిల్లలు కూడా ఆ ప్రకటనలు చూసుకుని యంత్రాన్ని పక్కన పెడతారు.

కామత్‌ఘర్‌లో పచ్చగడ్డి ఎక్కడిది, ఆ యంత్రంతో మనకేం పని అని మీరు అడగవచ్చు. యంత్రంతో పని లేదు. కాని దాని కడుపులో ఉండే లిథియం అయాన్ బ్యాటరీ మన ఇంట్లోనూ ఉంది. మన సెల్‌ఫోన్లో చిన్నది ఉంది. మన ఎలక్ట్రిక్ స్కూటర్లో దానికి ఎన్నో రెట్లు పెద్దది ఉంది.

వెనక్కి పిలవడం మనకు పూర్తిగా కొత్త కూడా కాదు. 2007 ఆగస్టు నెలను కొందరైనా గుర్తు తెచ్చుకోగలరు. అప్పట్లో చాలామంది చేతుల్లో నోకియా ఫోన్లే ఉండేవి. వాటిలో వాడే బి.ఎల్.-5సి అనే బ్యాటరీలలో, 2005 డిసెంబర్ నుంచి 2006 నవంబర్ వరకు జపాన్‌కు చెందిన మత్సుషిత కంపెనీ తయారుచేసిన 4 కోట్ల 60 లక్షల బ్యాటరీలు ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు వేడెక్కవచ్చని నోకియా ప్రకటించింది. అడిగినవారికి ఉచితంగా మార్చి ఇస్తామన్నది. బ్యాటరీ వెనుక ఉన్న 26 అక్షరాల గుర్తును చూసి, అది ఆ జాబితాలో ఉన్నదో లేదో తెలుసుకోవాలి. మన దేశంలో జనం ఫోన్లు విప్పి ఆ నంబర్లు చదువుకున్నారు, సర్వీసు కేంద్రాల ముందు బారులు తీరారు.

అప్పటికి ప్రపంచం మొత్తం మీద వేడెక్కినట్టు తెలిసినవి సుమారు 100 బ్యాటరీలు. అంటే నాలుగున్నర లక్షలకు ఒకటి. అంత చిన్న లెక్కకు అంత హడావిడి ఎందుకు? ఆ ఒక్కటి ఎవరి జేబులో ఉన్నదో తయారుచేసినవాడికీ తెలియదు, కొన్నవాడికీ తెలియదు. కాబట్టి అనుమానం ఉన్న మొత్తం సరుకును వెనక్కి పిలవవలసిందే. రీకాల్ న్యాయం ఇదే.

ఇక ఈ బ్యాటరీ ఎందుకు అంటుకుంటుందో రెండు మాటల్లో చూద్దాం. లిథియం సెల్ లోపల రెండు రేకులు ఉంటాయి. ఒకటి ధనధ్రువం, ఒకటి ఋణధ్రువం. రెండూ ఒకదాన్నొకటి తగలకుండా మధ్యలో సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. దాని మందం మన తల వెంట్రుక మందంలో మూడో వంతు కూడా ఉండకపోవచ్చు. వీటి మధ్య నిండి ఉండే ద్రవం మండే స్వభావం గలది. తయారీలో చిన్న లోహపు రజను చేరినా, రేకు అంచు వంగినా, వెల్డింగ్ దగ్గర చిన్న మొన మిగిలినా ఆ పొర చిరిగిపోవచ్చు. అప్పుడు రెండు రేకులు లోపల్లోపలే కలిసి వేడి పుడుతుంది. సుమారు 130 డిగ్రీల దగ్గర ఆ పొర కరుగుతుంది. కరిగితే ఇంకా వేడి, ఆ వేడికి పక్క సెల్, దాని వేడికి ఆ పక్కది. పొరుగిల్లు అంటుకున్నట్టు బ్యాటరీ మొత్తం అంటుకుంటుంది. దాని పొగ విషపూరితం. ఆరినట్టు కనిపించి మళ్లీ అంటుకోవడం కూడా ఉంది.

2016లో శామ్‌సంగ్ కంపెనీ గెలాక్సీ నోట్ 7 అనే ఫోన్లను సుమారు 25 లక్షలు వెనక్కి పిలిచింది. మార్చి ఇచ్చిన ఫోన్లు కూడా అంటుకోవడంతో రెండో నెలలో ఆ ఫోన్ తయారీనే మానేసింది. 2017 జనవరిలో విచారణ ఫలితం వచ్చింది. మొదటి రకం బ్యాటరీలో ఒక మూల రేకు వంగి ఉన్నది, రెండో రకంలో వెల్డింగ్ మొనలు ఉన్నాయి. కొన్నవారు ఎంత జాగ్రత్తగా వాడినా కనిపెట్టగలిగిన దోషాలు కావు అవి. కాబట్టి 'నేను నా బండిని బాగా చూసుకుంటాను, నాకేమీ కాదు' అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. బయట తుడిచినంత మాత్రాన లోపలి దోషం పోదు కదా.

సాంచ మీద పేక పోగు తెగితే సాంచ దానంతట అదే ఆగే ఏర్పాటు ఉంటుంది. బ్యాటరీకి కూడా అలాంటి కాపలాదారు ఒకటి ఉంటుంది. ఏ సెల్ ఎంత నిండింది, ఎంత వేడెక్కింది అని చూస్తూ, హద్దు దాటితే కరెంటు ఆపే చిన్న సర్క్యూట్ అది. అది నాసిరకమైతే ఆగవలసిన చోట ఆగదు. పోగు తెగినా సాంచ నడిస్తే గుడ్డ పాడవుతుంది. బ్యాటరీలో కాపలా తప్పితే ఇల్లే పోతుంది.

ఇక మన సొంత గడ్డ మీద జరిగిన విషయానికి వస్తాను.

2022 ఏప్రిల్ 19 రాత్రి నిజామాబాద్ పట్టణంలో ఒక కుటుంబం స్కూటర్ బ్యాటరీని విప్పి, ఇంట్లోకి తెచ్చి, ఛార్జింగ్‌కు పెట్టి పడుకుంది. తెల్లవారుజామున అది పేలింది. ఆ గదిలో నిద్రపోతున్న 80 ఏళ్ల పెద్దాయన కాలిన గాయాలతో కన్నుమూశారు. ఇంట్లో మిగతావారికీ గాయాలయ్యాయి. మరో మూడు రోజులకు, ఏప్రిల్ 23 తెల్లవారుజామున, విజయవాడలో పడకగదిలో ఛార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ పేలి ఇంటి యజమాని మరణించారు, ఆయన భార్య తీవ్రంగా గాయపడ్డారు. అది ముందురోజే కొన్న కొత్త బండి. అదే ఏడాది సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు లేచి, పై అంతస్తుల్లోని లాడ్జిలోకి పొగ కమ్ముకుని 8 మంది చనిపోయారు. అదే నెల 23న, మా భివండికి దగ్గరలోని వసాయిలో, హాల్లో ఛార్జింగ్‌కు పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలింది. పక్కనే పడుకున్న ఏడేళ్ల బాలుడు వారం రోజులు ఆసుపత్రిలో ఉండి 30వ తేదీన ప్రాణం విడిచాడు.

నిజామాబాద్, విజయవాడ, వసాయి. ఈ మూడు ఇళ్లలోనూ బ్యాటరీ ఇంటి లోపలే ఉంది. మూడు చోట్లా ఇంటివాళ్లు నిద్రలో ఉన్నారు.

ఆ ఏప్రిల్ నెలలోనే మన దేశంలో ఎలక్ట్రిక్ స్కూటర్ల రీకాల్ మొదటిసారి పెద్ద ఎత్తున ప్రజల నోళ్లలో నానింది. ఏప్రిల్ 16న ఒకినావా కంపెనీ 3,215 స్కూటర్లను వెనక్కి పిలిచింది. ఏప్రిల్ 21న ప్యూర్ ఈవీ కంపెనీ 2,000 స్కూటర్లను పిలిచింది. అదే రోజు కేంద్ర రోడ్డు రవాణా శాఖ మంత్రి నితిన్ గడ్కరీ, దోషమున్న సరుకును కంపెనీలు తమంతట తామే వెంటనే వెనక్కి పిలవవచ్చని, నిర్లక్ష్యం చేస్తే భారీ జరిమానా తప్పదని హెచ్చరించారు. ఏప్రిల్ 24న ఓలా కంపెనీ 1,441 స్కూటర్లను పిలిచింది. మూడూ కలిపితే 6,656 బండ్లు.

తరువాత కేంద్ర ప్రభుత్వం నిపుణుల సంఘం వేసింది. దానికి అధ్యక్షులు హైదరాబాద్‌లోని ఏ.ఆర్.సి.ఐ. పరిశోధన సంస్థ అప్పటి సంచాలకులు టాటా నరసింగరావుగారు. ఆ సంఘం సూచనల మీద బ్యాటరీ ప్రమాణాలు గట్టిపడ్డాయి. సెల్‌కూ సెల్‌కూ మధ్య ఎడం, కాపలా సర్క్యూట్, ఛార్జర్, వేడి పాకినప్పుడు హెచ్చరిక, ఇలాంటి వాటికి కొత్త నిబంధనలు రెండు విడతలుగా 2022 డిసెంబర్ 1 నుంచి, 2023 మార్చి 31 నుంచి అమలులోకి వచ్చాయి. మంచి పని జరిగింది. అయితే ఈ ప్రమాణాలు తరువాత తయారైన బండ్లకు. అంతకు ముందే అమ్ముడైపోయిన పాత బండ్లు వీధుల్లోనే తిరుగుతున్నాయి, చేతులు మారుతున్నాయి. వాటి విషయంలో మనకు మిగిలిన రక్ష రీకాల్ ఒక్కటే.

ఆ రీకాల్ మన గుమ్మం దాకా వస్తుందా? ఈ ప్రసంగంలో నేను మీ ముందు ఉంచదలచుకున్న అసలు ప్రశ్న ఇది.

నిజామాబాద్ సంఘటన తరువాత కంపెనీ ఇచ్చిన ప్రకటనలో ఒక మాట ఉంది. ఆ వినియోగదారుని పేరిట తమ డీలర్ల దగ్గర అమ్మకం రికార్డు గాని, సర్వీసు రికార్డు గాని లేదని, బండిని సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారేమో పరిశీలిస్తున్నామని కంపెనీ చెప్పినట్టు అప్పటి పత్రికల్లో వచ్చింది. ఎవరి మాట ఎంతవరకు నిజమో తేల్చడం పోలీసుల పని, కోర్టుల పని. మనం నేర్చుకోవలసింది వేరే ఉంది. కంపెనీ పుస్తకంలో మన పేరు లేకపోతే, ఆ కంపెనీ దృష్టిలో ఆ బండి మన దగ్గర లేనట్టే. లేని బండికి ఉత్తరం ఎలా వస్తుంది?

మన బతుకు తీరు ఒకసారి ఆలోచించండి. కొత్త బండికి డబ్బు చాలక తెలిసినవాళ్ల దగ్గర పాతది కొంటాం. కాగితం మీద పేరు మార్చడానికి ఖర్చు అవుతుందని, తరువాత చూద్దామని వదిలేస్తాం. రెండేళ్లు వాడి ఊరికి పంపుతాం. భివండిలో అన్న వాడిన బండి కామారెడ్డిలో తమ్ముడు వాడుతాడు. తమ్ముడి దగ్గర నుంచి బావమరిదికి పోతుంది. మొదట కొన్నవాడు ఇచ్చిన ఫోన్ నంబరు ఎప్పుడో మారిపోయింది. కంపెనీ పంపిన సందేశం ఆ పాత నంబరుకు వెళ్లి, ఎవరో తెలియని మనిషి ఫోన్లో చదవకుండానే చెరిగిపోతుంది. బ్యాటరీ మాత్రం బావమరిది ఇంట్లో ప్రతి రాత్రీ ఛార్జింగ్‌లో ఉంటుంది.

ఇందులో చట్టం పాత్ర కూడా తెలుసుకోవాలి. మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించి 110ఎ అనే సెక్షన్ చేర్చారు. వాహనంలోని దోషం వల్ల నడిపేవారికి, కూర్చున్నవారికి, రోడ్డు మీద పోయేవారికి హాని కలగవచ్చని తేలితే, ఆ వాహనాలను వెనక్కి పిలవమని కంపెనీని కేంద్ర ప్రభుత్వం ఆదేశించవచ్చు. అప్పుడు కంపెనీ పూర్తి ధర తిరిగి ఇవ్వాలి, లేదా అలాంటిదో అంతకన్నా మంచిదో మరో బండి ఇవ్వాలి, లేదా బాగుచేసి ఇవ్వాలి. కంపెనీయే ముందుగా దోషం గుర్తించి ప్రభుత్వానికి చెప్పి వెనక్కి పిలిస్తే జరిమానా ఉండదు. ఇది 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. తయారై 7 సంవత్సరాలు దాటని వాహనాలకు వర్తిస్తుంది. రవాణా శాఖ వాహన్ పోర్టల్‌లో యజమాని ఫిర్యాదు నమోదు చేయవచ్చు. తగినన్ని ఫిర్యాదులు చేరితే ప్రభుత్వం విచారణ మొదలుపెడుతుంది. కాబట్టి 'నా ఒక్కడి ఫిర్యాదుతో ఏమవుతుంది' అనుకోవద్దు. ఒక్కొక్కటీ లెక్కకు వస్తుంది.

అయితే ఇందులో ఒక సందు ఉంది. గంటకు 25 కిలోమీటర్లకు మించని వేగం, 250 వాట్లలోపు మోటారు ఉన్న చిన్న స్కూటర్లు చట్టం దృష్టిలో మోటారు వాహనాలు కావు. వాటికి రిజిస్ట్రేషన్ లేదు, నంబరు ప్లేటు లేదు, నడపడానికి లైసెన్సు అక్కరలేదు. అందుకే అవి మనవాళ్లకు ఇష్టం. చవక, పోలీసు బెడద లేదు, అమ్మాయిలు కాలేజీకి, పెద్దవాళ్లు బజారుకు వేసుకుపోవచ్చు. కాని నంబరు ప్లేటు లేని బండి ప్రభుత్వం రిజిస్టరులోనూ లేనట్టే. వెనక్కి పిలవవలసి వస్తే, అది ఎవరి ఇంట్లో ఉన్నదో చెప్పగలిగిన కాగితం ఒక్కటే, కొన్న దుకాణం బిల్లు. ఆ బిల్లు మీ దగ్గర లేకపోతే, దుకాణం మూతపడితే, ఆ బండికి అడ్రసు లేదు.

అంతమాత్రాన ఆ బండి కొన్నవారికి దిక్కు లేదని కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 2020లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఏర్పడింది. ప్రమాదకరమైన వస్తువులను వెనక్కి పిలవమని ఆదేశించే అధికారం ఆ సంస్థకు ఉంది. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915. పెన్ను, కాగితం దగ్గర ఉన్నవారు రాసుకోండి. ఒకటి, తొమ్మిది, ఒకటి, అయిదు. అక్కడ ఫిర్యాదు చెప్పుకోవచ్చు. బిల్లు, బ్యాటరీ నంబరు చేతిలో పెట్టుకుని ఫోన్ చేస్తే మీ మాటకు బలం ఉంటుంది.

ఇక భాష సంగతి. భాషలు చెప్పేవాడిని కాబట్టి ఇది నా కంట ముందుగా పడుతుంది. కంపెనీలు 'మా బండి అంటుకునే ప్రమాదం ఉంది, తెచ్చి ఇవ్వండి' అని పెద్ద అక్షరాలతో రాయవు. 2022లో వచ్చిన ప్రకటనల్లోనే చూడండి. ఒక కంపెనీ దాన్ని బ్యాటరీల ఆరోగ్య పరీక్షా శిబిరాలలో భాగమని చెప్పింది. మరో కంపెనీ ముందుజాగ్రత్త తనిఖీ అన్నది. ఇంగ్లీషులో ఇంత పొడుగు సందేశం ఫోన్లోకి వస్తే మనవాళ్లు దాన్ని అమ్మకాల ప్రకటన అనుకుని పక్కకు తోసేస్తారు. దయచేసి గుర్తుంచుకోండి. బండి కంపెనీ నుంచి గాని, డీలరు నుంచి గాని 'ఉచిత తనిఖీ', 'బ్యాటరీ పరీక్ష', 'సర్వీస్ క్యాంపెయిన్', 'రీకాల్' అన్న మాటలతో ఏది వచ్చినా చదువుకున్న పిల్లవాడితో పూర్తిగా చదివించుకోవాలి. అర్థం కాకపోతే డీలరుకు ఫోన్ చేసి సూటిగా రెండు ప్రశ్నలు అడగాలి. 'ఇది రీకాలా? నా బండి నంబరు ఆ జాబితాలో ఉన్నదా?'

జాబితాలో ఉన్నదని తేలితే ఏం చేయాలి? ఆ రోజు నుంచి ఆ బ్యాటరీని ఛార్జింగ్‌కు పెట్టకూడదు. 'ఇవాళ ఒక్క రోజు' అనుకోకూడదు. నిజమే, మీటరు లెక్కన కూలి తీసుకునేవాడికి రెండు రోజులు బండి లేకపోతే కష్టం. సర్వీసు కేంద్రం కల్యాణ్‌లోనో, థానేలోనో ఉంటే పోయి రావడానికి ఒక పూట పని పోతుంది. ఆ నష్టం చిన్నదని నేను అనను. కాని బండి దింపి రావడం, అది ఎప్పుడు ఇస్తారో రాయించుకోవడం, దానికి రసీదు తీసుకోవడం మన హక్కు. రీకాల్ పనికి డబ్బు అడిగితే ఇవ్వవలసిన అవసరం లేదు. ఏం బాగుచేశారో, బ్యాటరీ మార్చారో లేదో కాగితం మీద రాయించుకోండి. మార్చితే కొత్త బ్యాటరీ నంబరు కూడా రాసుకోండి.

మరొక మాట. వెనక్కి పిలిచిన బ్యాటరీని గాని, ఉబ్బిన బ్యాటరీని గాని భంగార్ వాళ్లకు అమ్మకండి. అది ఇంకొక ఇంట్లో, ఇంకొక గోదాములో అంటుకుంటుంది. భివండి గోదాముల ఊరు కూడా. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం పాత బ్యాటరీల సేకరణ బాధ్యత తయారీదారులది. కాబట్టి డీలరుకే అప్పగించండి.

రీకాల్ వచ్చినా రాకపోయినా పాటించవలసిన జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. బ్యాటరీని రాత్రంతా ఛార్జింగ్‌లో పెట్టి నిద్రపోకండి. పడుకునే గదిలో, మెట్ల కింద, గుమ్మానికి అడ్డంగా పెట్టకండి. మంట లేస్తే బయటికి పోయే దారే మూసుకుపోతుంది. సాంచాల షెడ్డులో, నూలు కండెల దగ్గర, దూది దుమ్ము పేరుకున్న చోట అసలే పెట్టకండి. ఆ దుమ్ముకు ఒక్క నిప్పురవ్వ చాలు. ఎండలో తిరిగి వచ్చిన బండిని వెంటనే ఛార్జింగ్‌కు పెట్టక, చల్లబడనివ్వండి. కంపెనీ ఇచ్చిన ఛార్జరే వాడండి. బ్యాటరీ ఉబ్బినా, ఘాటైన వాసన వచ్చినా, బుసకొట్టినట్టు చప్పుడు అయినా, వీలుంటే మెయిన్ స్విచ్ కట్టేసి అందరినీ తీసుకుని బయటికి వచ్చేయండి. సామాను కోసం, బ్యాటరీని బయటికి విసరడం కోసం లోపలికి పోకండి. 101కి గాని 112కి గాని ఫోన్ చేసి, లిథియం బ్యాటరీ మంట అని చెప్పండి.

ఇప్పుడు మీ అందరినీ ఒక చిన్న పని కోరుతున్నాను. ఈ ప్రసంగం అయ్యాక ఇంట్లో ఒక పాత నోటుపుస్తకం తీయండి. ఎలక్ట్రిక్ స్కూటర్ ఉంటే దాని కంపెనీ పేరు, మోడల్, ఛాసిస్ నంబరు, బ్యాటరీ నంబరు, ఛార్జరు నంబరు, కొన్న తేదీ, దుకాణం పేరు రాయండి. బిల్లును ఫోన్లో ఫోటో తీసి మరొకరికి కూడా పంపి ఉంచండి. పాత బండి కొన్నవారైతే కంపెనీ సహాయ కేంద్రానికి ఫోన్ చేసి, 'ఈ నంబరు బండి ఇప్పుడు నా దగ్గర ఉంది, నా పేరు, నా ఫోన్ నంబరు రాసుకోండి' అని చెప్పండి. ఆ బండి మీద ఇంతకు ముందు రీకాల్ ఏదైనా ఉన్నదా, ఆ పని అయ్యిందా అని అదే ఫోన్లో అడగండి. రిజిస్ట్రేషన్ ఉన్న బండి అయితే పేరు మార్పించుకోండి. ఊరికి బండి పంపేవారు బండితో పాటు ఆ బిల్లు కూడా పంపండి. బండి తాళం ఇచ్చినంత జాగ్రత్తగా ఆ కాగితం ఇవ్వండి.

ఈ రాత పని పిల్లలకు అప్పగించవచ్చు. మన ఇళ్లలో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు తప్పు లేకుండా చదవగలిగేది వాళ్లే. బ్యాటరీ అడుగున ఉన్న చిన్న అక్షరాలను ఎనిమిదో తరగతి పిల్ల చదివి రాస్తే, అది ఆ ఇంటికి చేసిన మేలు. పక్కింటి అవ్వకూ, ఎదురింటి కాకకూ కూడా రాసి పెట్టమనండి.

తాను మీద గుర్తు లేకపోతే దోషం ఏ సాంచదో పట్టుకోలేం. బండి మీద మన పేరు లేకపోతే, దోషం తెలిసిన కంపెనీ కూడా మన ఇల్లు పట్టుకోలేదు. దోషం చేసినవాడు పిలవాలి, అది వాడి బాధ్యత. ఆ పిలుపు మన చెవిన పడేలా మన అడ్రసు ఉంచడం మాత్రం మన చేతిలో ఉన్న పని. నిజామాబాద్‌లోని ఆ పెద్దాయనకూ, వసాయిలోని ఆ బాలుడికీ ఏ పిలుపూ అందలేదు. ఇకమీదట మన ఇళ్లలో నిద్రపోయే ముసలివారికీ, పసివారికీ అది అందాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.